తొట్టిలో ఎండ ఎక్కడుంది?

“వేళకు తిండి వేస్తున్నాం, నీళ్లు మారుస్తున్నాం. అయినా తాబేలు డిప్ప మెత్తబడుతోంది. కళ్లు ఉబ్బి మూసుకుపోయాయి. వారం నుంచి తిండి ముట్టడం లేదు. మేం ఏం తక్కువ చేశాం?”

తాబేళ్లను పెంచుకునే ఇళ్లలో ఈ ప్రశ్న తరచూ వినిపిస్తుంది. అడిగేవాళ్లు అశ్రద్ధ చేసినవాళ్లు కారు. పిల్లలు ముచ్చటపడితే కొని తెచ్చి, పేరు పెట్టి, రోజూ కనిపెట్టుకుని ఉన్నవాళ్లే. కుక్కకో పిల్లికో ఆ శ్రద్ధ చాలావరకు సరిపోతుంది. వేళకు ఇంత తిండి, గిన్నెడు నీళ్లు, పడుకోవడానికి కాస్త చోటు ఉంటే మిగతా పని వాటి ఒళ్లే చూసుకుంటుంది. తాబేలు, తొండ, పాము సంగతి వేరు. తిన్నది అరగాలన్నా, ఎముక గట్టిపడాలన్నా, రోగంతో పోరాడాలన్నా వాటి ఒంటికి బయటి నుంచి వేడి, వెలుగు, తడి అందాలి. అడవిలో అవన్నీ వెతుక్కుంటే దొరుకుతాయి. ఇంట్లో మనం అమర్చినంతే దొరుకుతాయి.

మన నగరాల్లో పెంపుడు జంతువుల దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది ఎర్రచెవి తాబేలు, రెడ్ ఇయర్డ్ స్లైడర్. కంటి వెనక ఎర్రటి చార ఉంటుంది. దాని పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నది పరీవాహక ప్రాంతం. అమ్మేటప్పుడు నాలుగైదు సెంటీమీటర్లే ఉంటుంది. ఆడది పూర్తిగా పెరిగితే డిప్ప ఒక్కటే 25 నుంచి 30 సెంటీమీటర్లకు చేరుతుంది. బాగా చూసుకుంటే 20, 30 ఏళ్లు బతుకుతుంది. దానితోపాటు మనం ఇంటికి తెచ్చుకునేది చాలాసార్లు ఒక చిన్న ప్లాస్టిక్ తొట్టి, ఒక ఎండురొయ్యల డబ్బా. ఆ తొట్టిలో ఏమేం లేవో ఒక్కొక్కటిగా చూద్దాం.

వేడిని వెతుక్కునే ఒళ్లు

మనం తిన్న తిండిలో పెద్ద భాగం ఒంటిని 37 డిగ్రీల దగ్గర నిలపడానికే ఖర్చవుతుంది. సరీసృపాలు ఆ ఖర్చు పెట్టవు. కావలసిన వేడిని బయటి నుంచి తీసుకుంటాయి. ఇలాంటివాటిని బయటివేడి జీవులు అందాం, శాస్త్రవేత్తల మాటలో ఎక్టోథర్మ్‌లు. ఈ పొదుపు వల్లే పాము ఒక్కసారి తిని వారాల తరబడి ఉండగలుగుతుంది. అంత బరువున్న ఎలుకకు రోజు గడవడమే కష్టమయ్యే తిండితో బల్లి హాయిగా బతుకుతుంది.

చలికాలం పొద్దున అరుగు మీద కూర్చునే తాతగారిని తలుచుకోండి. నీరెండ పడేచోటికి చేరతాడు. ఎండ జరిగితే తానూ జరుగుతాడు. తొమ్మిది దాటాక వీపు చురుక్కుమంటే నీడకు వస్తాడు, చలిగాలి కొడితే మళ్లీ ఎండలోకి వెళ్తాడు. ఎన్ని డిగ్రీలుందో ఆయనకు తెలియదు, తెలియనక్కర్లేదు. ఒక పక్క ఎండ, ఒక పక్క నీడ, జరగడానికి చోటు ఉన్న అరుగు దొరికితే చాలు. కంచె మీది తొండ రోజంతా చేసే పని అచ్చంగా ఇదే. కాకపోతే ఎండకు జరగలేకపోతే తాతగారికి చలి వేస్తుంది, తొండకు మింగిన పురుగు కడుపులో అరగకుండా ఉండిపోతుంది.

బల్లి ఒళ్లు చుట్టూ ఉన్న గాలి ఎంత ఉంటే అంతే ఉంటుందని చాలాకాలం అనుకునేవారు. రేమండ్ కౌల్స్, చార్లెస్ బోగర్ట్ అనే ఇద్దరు అమెరికన్లు ఎడారి సరీసృపాల ఒంటి వేడిని కొలిచి 1944లో ఫలితాలు ప్రకటించాక ఆ అభిప్రాయం మారింది. ఎండకూ నీడకూ మధ్య తిరుగుతూ, ఎడారి బల్లులు పగటిపూట ఒంటి వేడిని కొద్ది డిగ్రీల తేడాలోనే నిలుపుకుంటున్నాయని వాళ్లు చూపించారు. అవి ఇష్టపడే వేడికీ, వాటిని చంపే వేడికీ మధ్య దూరం చాలా తక్కువని కూడా అప్పుడే తేలింది. ఎండ మీద బతికే జంతువైనా సరే, నీడ లేని ఎండలో చిక్కుకుంటే కాసేపట్లోనే చనిపోతుంది.

కాబట్టి “దీన్ని ఎన్ని డిగ్రీల్లో ఉంచాలి?” అన్న ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పకూడదు. ఒక్క అంకె చెప్పి పంపడం వల్ల చాలా జంతువులు జబ్బుపడ్డాయని నా నమ్మకం. అమెరికాలోని తెలుగువాళ్ల ఇళ్లలోనూ పిల్లలు ముచ్చటపడి పెంచుకునే బియర్డెడ్ డ్రాగన్‌నే తీసుకోండి. అది ఆస్ట్రేలియా లోపలి ఎండు నేలల బల్లి, మన తొండలు ఏ కుటుంబానికి చెందినవో అదీ ఆ కుటుంబానిదే. దాని పెట్టెలో ఒక కొసన దీపం కింది రాయి 40 డిగ్రీల దాకా కాగాలి. రెండో కొసన 25 దగ్గర చల్లగా ఉండాలి. ఆ మధ్యలో ఎప్పుడు ఎక్కడ ఉండాలో అదే తేల్చుకుంటుంది. ఒక కొస నుంచి మరో కొసకు ఇలా క్రమంగా వేడి తగ్గే ఏర్పాటును వేడి వాలు అనవచ్చు. పెట్టె పొట్టిగా ఉంటే ఈ వాలు కుదరదు. దీపం వెలిగించగానే పెట్టె అంతా ఒకేలా కాగిపోతుంది. పెట్టె పెద్దదిగా ఉండాలనడానికి జాలి కన్నా ముందు ఈ కారణం ఉంది.

ఎర్రచెవి తాబేలుకు నీళ్లు 24 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. పైకెక్కి ఒళ్లు ఆరబెట్టుకునే మెట్టు 32 డిగ్రీలు దాటి వెచ్చగా ఉండాలి. హైదరాబాదులో డిసెంబరు రాత్రులు 15 డిగ్రీల కిందికి దిగడం మామూలే. బాల్కనీలోని తొట్టి తెల్లారేసరికి అంతే చల్లబడుతుంది. అప్పుడు తాబేలు తిండి మానేస్తే అది అలక కాదు. అరిగించుకోలేని స్థితిలో తినకపోవడమే దాని ఒంటికి తెలిసిన జాగ్రత్త. తినిపించాలని బలవంతం చేస్తే కడుపులో తిండి కుళ్లుతుంది. మే నెలలో ఇదే తొట్టి ఎండకు కాగి తాబేలును చంపగలదు. మన వాతావరణంలో చలి కన్నా నాకు ఎక్కువ భయం ఈ రెండోదే.

జ్వరం తెచ్చుకునే బల్లి

1970లలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో మాథ్యూ క్లూగర్ బృందం ఒక చక్కటి ప్రశ్న వేసుకుంది. రోగక్రిములు సోకితే మన ఒళ్లు తనంతట తానే వేడెక్కుతుంది, దాన్ని జ్వరం అంటాం. వేడిని తయారు చేసుకోలేని బల్లికి జ్వరం ఎలా వస్తుంది?

వాళ్లు డెజర్ట్ ఇగ్వానా అనే ఎడారి బల్లులకు హానిచేసే బ్యాక్టీరియాను ఎక్కించి, ఒక పక్క వేడిగా, ఒక పక్క చల్లగా ఉన్న గూటిలో వదిలారు. ఆరోగ్యంగా ఉన్న బల్లి 38 డిగ్రీల దగ్గర ఉండటానికి ఇష్టపడుతుంది. జబ్బుపడ్డ బల్లులు వెళ్లి వెళ్లి వేడి పక్కనే ఎక్కువసేపు ఉండి, ఒంటి వేడిని దాదాపు రెండు డిగ్రీలు పెంచుకున్నాయి. అంటే నడిచి వెళ్లి జ్వరం తెచ్చుకున్నాయి. తరువాత జబ్బు బల్లులను జరిగే వీలు లేకుండా ఒక్కో గుంపును ఒక్కో ఉష్ణోగ్రతలో ఉంచి చూశారు. 40, 42 డిగ్రీల్లో ఉన్నవాటిలో ఎక్కువ బతికాయి. 34, 36 డిగ్రీల్లో ఉన్నవాటిలో ఎక్కువ చనిపోయాయి. ఈ ఫలితం 1975లో వెలువడింది.

జబ్బు జంతువును ఇంటికి తెచ్చుకున్నవాళ్లు ఈ ప్రయోగాన్ని గుర్తుంచుకోవాలి. మందు ఒక్కటే ఇచ్చి చల్లని అట్టపెట్టెలో పెడితే ఒళ్లు పోరాడలేదు. ఇచ్చిన మందు కూడా సరిగా పనిచేయదు, ఎందుకంటే మందును ఒంట్లో తిప్పడం, వాడుకోవడం, బయటికి పంపడం అన్నీ ఆ వేడి మీదే ఆధారపడి ఉంటాయి.

గాజు ఆపేసే ఎండ

ఇప్పుడు మెత్తబడ్డ డిప్ప దగ్గరికి వద్దాం. ఎముకకూ డిప్పకూ కాల్షియం కావాలి. తిండిలో కాల్షియం ఉన్నంత మాత్రాన అది పేగుల్లోంచి రక్తంలోకి రాదు. దాన్ని లోపలికి రప్పించడానికి విటమిన్ డి కావాలి. పగటిపూట తిరిగే బల్లులూ తాబేళ్లూ చాలావరకు దాన్ని ఎండలో తయారు చేసుకుంటాయి. ఎండలో మన కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాల్లో యూవీ-బి అనే రకం ఉంది. అది చర్మంలోని ఒక కొవ్వులాంటి పదార్థాన్ని మార్చి డి విటమిన్‌కు ముందు దశను తయారు చేస్తుంది. అది అసలు విటమిన్‌గా మారడానికి ఒంటి వెచ్చదనం కావాలి. ఆ తరువాత కాలేయంలో ఒక మార్పు, మూత్రపిండాల్లో ఇంకో మార్పు జరిగితేనే అది పనిలోకి వస్తుంది. ఎండలో వేడీ వెలుగూ కలిసే వస్తాయి కాబట్టి అడవిలో ఈ వరస తెగదు. ఇంట్లో మనం వేటికవి విడివిడిగా అమర్చాలి. ఒక్కటి మరిచిపోయినా వరస తెగుతుంది.

తెగినప్పుడు ఏమవుతుంది? రక్తంలో కాల్షియం తగ్గితే గుండె, కండరాలు పనిచేయవు. అందుకని ఒళ్లు ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది. తాబేలు డిప్ప వేలితో నొక్కితే వంగుతుంది. బల్లి దవడ మెత్తబడుతుంది, కాళ్లు వంకర్లు పోతాయి, వేళ్లు వణుకుతాయి, వెన్ను విరుగుతుంది. దీన్ని మెత్తఎముకల జబ్బు అందాం. వైద్యులు మెటబాలిక్ బోన్ డిసీజ్ అంటారు. ముందే గుర్తిస్తే ఆపవచ్చు. వంకరపోయిన ఎముక మాత్రం చాలాసార్లు అలాగే మిగిలిపోతుంది.

“కిటికీ పక్కనే పెట్టాం, రోజూ ఎండ తగులుతోంది” అని చెప్పేవాళ్లుంటారు. మామూలు కిటికీ గాజు వేడినీ వెలుగునూ లోపలికి పంపి, యూవీ-బిని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. పైగా ఎండలో గాజు తొట్టి లోపల వేడి విపరీతంగా పెరుగుతుంది. మేలు అందదు, ప్రమాదం మాత్రం మిగులుతుంది.

మరి యూవీ-బి ఎంత ఉండాలి? అమెరికా శాస్త్రవేత్త గ్యారీ ఫెర్గూసన్, సహచరులు జమైకాలోనూ అమెరికా దక్షిణ ప్రాంతాల్లోనూ 15 జాతుల బల్లులు, పాములు ఎక్కడెక్కడ ఉంటున్నాయో చూసి, సరిగ్గా ఆ చోట అతినీలలోహిత తీవ్రతను కొలిచారు. 2010లో వాటిని నాలుగు మండలాలుగా విడదీశారు. నీడలో, మునిమాపువేళ తిరిగేవి మొదటి మండలంలోకి వస్తాయి, నడి ఎండలో కూర్చునేవి నాలుగో దానిలోకి వస్తాయి. వాతావరణ వార్తల్లో చెప్పే యూవీ సూచికతోనే కొలిస్తే మొదటి మండలం సగటు 0.7 లోపు, నాలుగోది 2.6 పైన. 2016లో ఫ్రాన్సెస్ బైన్స్, మరికొందరు ఈ పద్ధతిని 250కి పైగా జాతులకు విస్తరించారు. మన వేసవి మధ్యాహ్నాల్లో సూచిక 10 దాటుతుంది. ఎంత ఎండ ఇష్టపడే బల్లి అయినా ఆ వేళకు నీడ పట్టుకుంటుందన్నమాట.

ఫెర్గూసన్ బృందం మడగాస్కర్ ఊసరవెల్లులతో చేసిన పని నాకు మరీ ఇష్టం. తిండిలో విటమిన్ డి తక్కువ అందినవి యూవీ-బి పడేచోట ఎక్కువసేపు గడిపాయి. సరిపడా అందినవి తక్కువసేపు గడిపాయి. లోటు ఎంతో ఆ చిన్న ఒంటికి ఎలాగో తెలుస్తోంది. వేడి విషయంలో చూసిందే ఇక్కడా చూస్తున్నాం. సరైన కొలతను జంతువే తేల్చుకుంటుంది, తేల్చుకునే వీలు మనం ఇవ్వాలి.

తిండి గురించి ఒక్క మాట. ఎండురొయ్యల మీదే పెంచితే ఎర్రచెవి తాబేలుకు పోషణ చాలదు. కళ్లు ఉబ్బి మూసుకుపోవడానికి తరచూ ఎ విటమిన్ లోటే కారణం. తాబేళ్ల కోసం చేసిన గుళికలు, చిన్న చేపలు, ఆకులు, తురిమిన గుమ్మడి, క్యారెట్ కలిపి వేయాలి. వయసు పెరిగేకొద్దీ ఆకుల వాటా పెంచాలి. పాలకూరలోని ఆగ్జలేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచుతాయి కాబట్టి రోజూ అదే వేయకూడదు. ఎ విటమిన్ సూదులను మాత్రం సొంతంగా వేయించకండి, మోతాదు మించితే చర్మం ఊడివస్తుంది.

గాలిలో తడి

తాబేళ్ల డిప్ప మీద ఒక్కో పలక గుట్టలా ఉబ్బితే మాంసకృత్తులు ఎక్కువై అలా అయిందని పెంపకందారులు ఏళ్ల తరబడి నమ్మారు. వియన్నాలో వీస్నర్, ఈబెన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆఫ్రికా సల్కాటా తాబేటి పిల్లలను పొడిగాలిలో కొన్ని, తడిగాలిలో కొన్ని ఉంచి, తిండిలో మాంసకృత్తులను మార్చి మార్చి పెంచారు. 2003లో ప్రకటించిన ఫలితంలో తేడా తెచ్చింది ముఖ్యంగా గాలిలోని తడి. పొడిగాలిలో పెరిగినవాటి డిప్పలు ఉబ్బాయి. మాంసకృత్తుల ప్రభావం స్వల్పమే. ఎడారి అంచు జంతువు కదా, పొడిగా ఉంచాలి అనుకోవడం సహజమే. కానీ ఆ పిల్లలు అడవిలో పగటి వేడిని తప్పించుకుని బొరియల్లో, గడ్డి మొదళ్లలో గడుపుతాయి. అక్కడ తడి ఉంటుంది. ఊరి వాతావరణం ఒకటి, జంతువు తలదాచుకునే జానెడు చోటు వాతావరణం ఇంకొకటి.

మెట్ట తాబేళ్ల మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పాలి. రాయలసీమ వంటి మెట్ట నేలల్లో తిరిగే నక్షత్ర తాబేలును అదృష్టం తెస్తుందని ఇళ్లలో దాచుకునేవాళ్లున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. 2019లో అది వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం మొదటి అనుబంధంలోకి ఎక్కింది, అంతర్జాతీయ వ్యాపారమూ నిషిద్ధమైంది. దొరికితే అటవీశాఖకు అప్పగించాలి. బాల్ పైథాన్, ఇగ్వానా వంటి సైటీస్ జాబితాలోని విదేశీ జాతులను పెంచేవాళ్లు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి.

మళ్లీ తడి సంగతికి వస్తే, పాముకు అది చాలకపోతే కుబుసం ఒక్క తొడుగులా రాదు, ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. కంటి మీది పొర అలాగే ఉండిపోతుంది. గెకో బల్లుల వేళ్ల చివర చిక్కుకున్న కుబుసం బిగుసుకుని రక్తం అందక వేళ్లే రాలిపోతాయి. ఏసీ గదుల్లో ఇది ఎక్కువ. దూరి కూర్చునే చోట ఒక డబ్బాలో తడి నాచు పెడితే చాలావరకు సరిపోతుంది. పెట్టె అంతా చిత్తడి చేయకూడదు. ఎప్పుడూ తడిగా, గాలి ఆడకుండా ఉంటే పొట్ట కింద చర్మం పుండ్లు పడుతుంది.

చేయడానికి ఏదో ఒక పని

వాషింగ్టన్‌లోని నేషనల్ జూలో పిగ్‌ఫేస్ అనే నైలు నది మెత్తడిప్ప తాబేలు యాభై ఏళ్లకు పైగా ఉంది. ఒంటరిగా, ఏమీ లేని నీటితొట్టిలో. అది తన మెడను తానే గోళ్లతో చీరుకోవడం, ముందుకాళ్లను కొరుక్కోవడం మొదలుపెట్టింది. మందులు ఎన్నని వేస్తారు? అక్కడివాళ్లు తొట్టిలో బంతులు, కర్రలు, ఒక వలయం, ఒక నీటిగొట్టం వేశారు. తాబేలు బంతిని ముట్టెతో తోసింది, వలయంలోంచి ఈదింది, గొట్టాన్ని పట్టి లాగింది. తనను తాను గాయపరచుకోవడం బాగా తగ్గింది. టెనసీ విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ బర్గార్ట్, జూ ఉద్యోగులతో కలిసి 1996లో దీన్ని వివరంగా రాశాడు. సరీసృపాలు ఆడుకుంటాయా అన్న ప్రశ్నను జీవశాస్త్రం పట్టించుకోక తప్పలేదు.

పాముల వ్యాపారంలో ఇప్పటికీ అరల పెట్టెలు వాడతారు, బీరువా సొరుగుల్లాంటివి. పాము ఎలాగూ కదలదు కదా అని సమర్థిస్తారు. మ్యూనిక్ పరిశోధకులు బాల్ పైథాన్‌లను అరల్లోనూ, కొమ్మలు, మట్టి, నీళ్లు ఉన్న పెట్టెల్లోనూ ఉంచి, చిత్రీకరించి పోల్చారు. ఫలితాలు 2021లో వచ్చాయి. పెట్టెల్లో అవి కొమ్మలెక్కాయి, వెచ్చని చోట పడుకున్నాయి, మట్టిలో దూరాయి, నీళ్లలో మునిగాయి. అరల్లో ఇవేవీ కుదరలేదు. ఒకే కదలికను అర్థం లేకుండా పదేపదే చేయడం దాదాపు అరల్లోనే కనిపించింది. పాము ఒళ్లు పూర్తిగా చాపుకోలేని పెట్టెను నేను ఇల్లు అనలేను.

ఇంట్లో ఎలా అమర్చాలి

ఎర్రచెవి తాబేలు ఇప్పటికే మీ ఇంట్లో ఉందనుకుందాం. డిప్ప పొడవులో ప్రతి రెండున్నర సెంటీమీటర్లకు దాదాపు 40 లీటర్ల నీళ్లు ఉండాలన్నది పెంపకందారులు పాటించే లెక్క. పెరిగిన ఆడ తాబేలుకు 400 లీటర్లు. ఈ లెక్క వినగానే చాలామంది వెనకాడతారు, కొనేముందే తెలిసి ఉంటే బాగుండేది అంటారు. నీళ్లలో తిని, నీళ్లలోనే విసర్జించే జంతువు కాబట్టి ఫిల్టర్ తప్పనిసరి. తొట్టి నీళ్లకు రెట్టింపు సామర్థ్యం ఉన్నది తీసుకోవాలి.

ఒక కొసన నీటి పైకి పూర్తిగా తేలే పొడి మెట్టు ఉండాలి. దాని మీద వేడి దీపం, యూవీ-బి ట్యూబు పక్కపక్కన పడాలి, రెండూ ఒకేచోట దొరకాలి. ట్యూబుకూ జంతువుకూ మధ్య గాజుగానీ ప్లాస్టిక్ గానీ ఉండకూడదు. దూరం పెరిగేకొద్దీ కిరణాలు పలచబడతాయి కాబట్టి తయారీదారు చెప్పిన దూరం పాటించాలి. ట్యూబు తెల్లగా వెలుగుతున్నా లోపలి యూవీ-బి నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. కొన్న తేదీని ట్యూబు మీదే రాసి పెట్టుకుని, గడువుకు మార్చండి. రాత్రి పూర్తి చీకటి ఉండాలి. వేడెక్కే రాళ్లు అని అమ్మేవి కొనకండి. కింది నుంచి ఒకేచోట కాలుతుంటే సరీసృపాలు వెంటనే లేచి పోవు, పొట్ట కాలి పుండ్లవుతుంది. వేడి పై నుంచి రావాలి, దానికి థర్మోస్టాట్ ఉండాలి. వేడిని చేత్తో అంచనా కట్టకుండా మెట్టు మీద ఒక థర్మామీటరు, నీళ్లలో ఒకటి పెట్టండి.

బాల్కనీలో పొద్దుటి ఎండ డబ్బు పెట్టక్కర్లేని యూవీ-బి. వెడల్పాటి టబ్బులో సగానికి గట్టి నీడ వేసి, మీరు పక్కనే కూర్చుని కాసేపు ఉంచితే దానికి మించినది లేదు. ఫోన్ వస్తే లోపలికి వెళ్లిపోకండి. కాకులు, పిల్లులు, జరిగిపోయే నీడ, మూడూ ప్రమాదమే.

ఆరోగ్యంగా కనిపించే తాబేలు మలంలోనూ సాల్మొనెల్లా అనే హానిచేసే బ్యాక్టీరియా ఉండవచ్చు. దానివల్ల పిల్లలకు జబ్బు సోకుతోందనే అమెరికా 1975లో నాలుగు అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని ఆపేసింది. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, వంటింటి సింకులో తొట్టి కడగకూడదు, ఐదేళ్ల లోపు పిల్లల చేతికి ఇవ్వకూడదు. పెంచలేకపోతే చెరువులో వదలకండి. ప్రపంచంలో అతి హానికరమైన 100 చొరబాటు జాతులతో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఇచ్చిన జాబితాలో ఎర్రచెవి తాబేలు ఒకటి. మన చెరువుల తాబేళ్ల తిండీ, ఎండకాగే చోట్లూ లాక్కుంటుంది.

సరీసృపాలు జబ్బును దాచుకుంటాయి. మూలుగు ఉండదు. మనకు తెలిసేసరికి చాలాసార్లు వారాలు గడిచిపోయి ఉంటాయి. అందుకే వంటింటి త్రాసు లాంటిదే ఇంకొకటి కొని, వారానికోసారి తూచి, బరువును ఒక కాగితం మీద రాసుకోండి. కంటికి తెలియని తగ్గుదల అక్కడ ముందే కనిపిస్తుంది. ఒక పక్కకు ఒరిగి ఈదడం, ముక్కు నుంచి బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం కనిపిస్తే అది ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు, ఆ రోజే తీసుకెళ్లాలి. వెళ్లేటప్పుడు బరువుల కాగితంతోపాటు తొట్టి ఫొటోలు, దీపాల డబ్బాలు, రెండు థర్మామీటర్ల లెక్కలు కూడా పట్టుకెళ్లండి. సరీసృపాలు తెలిసిన వైద్యుడు సగం ప్రశ్నలు వాటి గురించే అడుగుతాడు.